సింహద్వారం దాటిన కసాండ్రా

మైసీనే కోట సింహద్వారం ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది. ట్రాయ్ రాజు కూతురు. ఓడిపోయిన నగరం నుంచి ఆగమెమ్నాన్ తన వాటా సొత్తుగా తెచ్చుకున్న బందీ. జరగబోయేది ఆమెకు ముందే కనిపిస్తుంది, చెబుతుంది, ఎవరూ నమ్మరు. ఆ గడప దాటితే తన చావేనని కూడా ఆమెకు తెలుసు. క్రీస్తుపూర్వం 458లో ఈస్కిలస్ తన నాటకంలో ఈ కసాండ్రాని ఆగమెమ్నాన్ ఇంటి ముందు నిలబెట్టాడు. 1983లో తూర్పు జర్మనీ రచయిత్రి క్రిస్టా వోల్ఫ్ ఆమెను మైసీనే సింహద్వారం దగ్గరికి తీసుకొచ్చి, ప్రాణం పోయేలోగా యుద్ధం కథనంతా ఆమె నోటే చెప్పించింది. వీరుల గాథగా మనకు అందిన యుద్ధాన్ని ఆ నవలలో ఒక బందీ స్త్రీ జ్ఞాపకంగా చదువుతాం.

2018 అక్టోబరులో అదే ద్వారం దగ్గరికి ఇంకో కసాండ్రా వచ్చింది. ఈమె చేతులకు సంకెళ్ళు లేవు. నడుముకు కత్తి ఉంది, చేతిలో విరిగిన ఈటె మొన ఉంది, తల మీద ఆకాశంలో ఒక గద్ద ఆమె కోసం తిరుగుతూ ఉంటుంది. అడ్డొచ్చిన వాళ్ళని కొట్టి లోపలికి పోతుంది. ఉబిసాఫ్ట్ కంపెనీ తయారుచేసిన 'అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ' అనే వీడియో గేమ్‌లో కథానాయిక ఈమె. పురాణంలోని కసాండ్రాకీ ఈమెకీ చుట్టరికం లేదు. ఈమె స్పార్టా రాజు లియోనిడాస్ మనవరాలు, కూలికి యుద్ధాలు చేసే యోధురాలు. కానీ పేరు ఒకటే. ఆ పేరుగల ఆడమనిషి ఆ ఊళ్ళోకి తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళి, ప్రాణాలతో బయటికి రావడం చూస్తే మనలాంటి వాళ్ళకి సంతోషం కలగడం సహజం. ఆ సంతోషం ఎంతవరకు నిలబడుతుందన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

ఆట తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. ఇందులో క్రీస్తుపూర్వం 431లో మొదలైన పెలొపొనీసియన్ యుద్ధకాలపు గ్రీసు ఉంటుంది. ఆడేవాళ్ళు కసాండ్రానో, ఆమె తమ్ముడు అలెక్సియోస్‌నో ఎంచుకోవాలి. ఎవరిని ఎంచుకున్నా కథ ఒకటే, మాటలు దాదాపు అవే, బలం అంతే. అసలు మొదట కసాండ్రా ఒక్కతే నాయికగా ఉండాలనుకున్నారనీ, ఆడవాళ్ళు నాయికలైతే ఆటలు అమ్ముడుపోవని పైవాళ్ళు పట్టుబట్టడంతో అలెక్సియోస్‌ని చేర్చారనీ 2020లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ రాసింది. అట్ట మీద బొమ్మ అలెక్సియోస్‌దే. అట్ట మీద చోటు దొరకని ఈ స్త్రీని లోపల ఏంచేశారో చూద్దాం.

ఆట జరిగే నాటికే మైసీనే పాడుబడిన ఊరు. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో అక్కడి రాజమందిర వ్యవస్థ కూలిపోయింది. మిగిలిన చిన్న ఊరిని క్రీస్తుపూర్వం 468 ప్రాంతంలో ఆర్గోస్ వాళ్ళు ధ్వంసం చేశారు. కాబట్టి ఆటలో దీన్ని శిథిలంగా చూపించడం చరిత్రకు తగినదే. సింహద్వారం కూడా ఉంది. నిజమైన ద్వారం మీద ఎదురెదురుగా నిలబడ్డ ఆ రెండు జంతువులకూ తలలు లేవు. తలలు విడిగా చెక్కి అతికించినవి, ఎప్పుడో పోయాయి. జూలు కనిపించదు కనుక అవి ఆడసింహాలేమోనని వాదించినవాళ్ళూ ఉన్నారు. అంటే ఆ ద్వారం మనల్ని ఆగి ఆలోచించమంటోంది. ఆట ఆగనివ్వదు. గోడ కనిపిస్తే ఎక్కాలి, పెట్టె కనిపిస్తే తెరవాలి. దగ్గర్లోనే ఆగమెమ్నాన్ సమాధి ఉంది. లోపల పాములు, ఉచ్చులు, నిధి. చిట్టచివర ఒక పురాతన శిలాశాసనం. కసాండ్రా ఆ రాయి ముందుకు వెళ్తుంది, మనం ఒక మీట నొక్కుతాం, ఆమె బలం ఒక పాయింటు పెరుగుతుంది. అంతే.

ఆ రాయి మీద ఏం రాసి ఉంది? ఎవరు రాయించారు? ఆట చెప్పదు. చెప్పాలన్న ఆలోచన కూడా దానికి లేదు. ఇన్ని వందల మంది కళాకారులు కూర్చుని రాళ్ళ మీద నాచుతో సహా చిత్రించిన లోకంలో, శాసనం ఉన్నది చదవడానికి కాదు, బలం పుంజుకోవడానికి. నా అభ్యంతరమంతా ఈ ఒక్క మీట దగ్గరే ఉంది. శిథిలంలోకి ఒక స్త్రీని పంపించారు. కానీ చదవడానికి కాదు, దోచుకోవడానికి పంపించారు. పాత కసాండ్రా ఆ ద్వారం ముందు మాట్లాడింది, ఎవరూ వినలేదు. కొత్త కసాండ్రా లోపలికి వెళ్ళింది గానీ, రాయి మాట్లాడుతుంటే వినే పని ఆమెకు ఇవ్వలేదు.

ఇది మనకు దూరపు సంగతి అనిపించవచ్చు. పాడుబడిన గుడి అనగానే పలుగూ పారా పట్టుకుని అర్ధరాత్రి బయల్దేరేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. గుప్తనిధుల కోసం లింగాన్ని పెకిలించడం, నందిని పగలగొట్టడం తెలంగాణ పల్లెల్లో కొత్త వార్త కాదు. ఆటలోని తర్కమూ వాళ్ళ తర్కమూ ఒకటే: పాతరాయి కింద నాకు పనికొచ్చేదేదో ఉంటుంది. ఆ రాయి ఒకరి జీవితం గురించి చెబుతోందన్న ఎరుక రెండు చోట్లా లేదు. అందుకే ఈ మైసీనేని ఘనపూర్ వైపు నుంచి చూడాలనిపించింది.

రైలు ఆగే స్టేషన్ ఘనపూర్ కాదు, భూపాలపల్లి జిల్లాలోని ఘనపూర్. గణపురం అని కూడా అంటారు. కాకతి గణపతిదేవుడి (1199–1262) పేరు మీద వెలసిన ఊరు, ఆయన పేరుతోనే గణపసముద్రం చెరువు, గణపేశ్వరాలయం. ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, ఇంకోవైపు చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం. మధ్యలో ప్రాకారం లోపల 22 గుళ్ళ సముదాయం. కోటగుళ్ళు అంటారు. కొన్ని కూలాయి, కొన్ని కుంగాయి. పెద్దగుడి మండపం చూరుల కింద గజకేసరి శిల్పాలున్నాయి, రామప్పలోలాగే మదనికలున్నారు. మైసీనే సింహద్వారం క్రీస్తుపూర్వం 1250 ప్రాంతానిది, కోటగుళ్ళు క్రీస్తుశకం 13వ శతాబ్దివి. నడుమ పాతిక వందల ఏళ్ళ దూరం. కానీ రెండు చోట్లా గుమ్మానికి కాపు సింహాలే. రెండు చోట్లా రాజుల పేర్లే ఊళ్ళకీ సమాధులకీ గుళ్ళకీ మిగిలాయి.

రాజుల పేర్లే ఎందుకు మిగిలాయి? స్త్రీలు లేకనా? ఆట చదవకుండా వదిలేసిన రాత దగ్గరికి ముందు వెళ్దాం.

మైసీనే, పైలోస్, నోసస్ లాంటి ఆనాటి రాజమందిరాల్లో లెక్కలు పచ్చిమట్టి పలకల మీద రాసుకునేవారు. కాల్చి దాచేవి కావు, ఏడాది గడిచాక అవసరం తీరిపోయేవి. మందిరాలు తగలబడినప్పుడు ఆ మంటల్లో పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. ఊరు కాలిపోబట్టే రాత మిగిలింది. లీనియర్ బి అని పిలిచే ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాడని పుస్తకాలన్నీ రాస్తాయి. ఆ భాషలో పదాల చివరలు ఎలా మారుతున్నాయో ఓపికగా లెక్కగట్టి, దారి వేసిన ఆలిస్ కోబర్ 1950లోనే చనిపోయింది. పగలు పాఠాలు చెప్పి, రాత్రుళ్ళు కూర్చుని, కాగితాల కరువులో వాడేసిన కాగితాలు కత్తిరించి వేల వేల చీటీల మీద గుర్తులు రాసుకున్న మనిషి ఆమె. శిథిలాన్ని చదివిన స్త్రీ అంటే నాకు గుర్తొచ్చేది ఆమే. ఆటలో ఆమెలాంటి పనికి పాయింట్లు లేవు.

ఆ పలకల్లో ఏముంది? పైలోస్ పలకల్లో వందల మంది ఆడవాళ్ళు ఉన్నారు. నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, పిండి విసిరేవాళ్ళు, స్నానాలకు నీళ్ళు పోసేవాళ్ళు. వాళ్ళ పక్కనే వాళ్ళ పిల్లలు, ఆడపిల్లలు ఇందరు, మగపిల్లలు ఇందరు అని. వాళ్ళకు కొలిచిన గోధుమలు, అత్తిపండ్లు. చాలామందికి పేర్లు రాయలేదు. పనిని బట్టో, తెచ్చిన ఊరిని బట్టో గుంపుగా పిలిచారు. మిలెటస్ వాళ్ళు, నీడస్ వాళ్ళు అని. సముద్రం అవతలి ఊళ్ళవి ఆ పేర్లు. బందీలుగా వచ్చినవాళ్ళు కావచ్చునని పండితులు అంటారు. అంటే పురాణంలోని కసాండ్రా ఒక్కతి కాదు. పలకల నిండా కసాండ్రాలే, మగ్గాల ముందు కూర్చున్నవాళ్ళు. ఇంకో పలకలో ఎరిథా అనే పూజారిణి ఉంది. ఒక భూమి దేవతదని ఆమె అంటుంది, కాదు, అది కౌలు భూమేనని ఊరి జనం అంటారు. మూడువేల రెండువందల ఏళ్ళ కిందట ఒక స్త్రీ భూమి మీద హక్కు కోసం చేసిన తగాదా అది, గుమాస్తా రాతలో.

ఆటలో కసాండ్రా చేసే ఏ సాహసం కంటే ఈ తగాదా నాకు ఎక్కువ ఉత్కంఠగా ఉంది.

ఇప్పుడు మన వైపు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఒక చెరువు ఉంది. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించినది. ఆ చెరువు శాసనం కాకతీయ చరిత్రకారులకు బంగారం లాంటిది, ఎందుకంటే వెన్నభూపుడి నుంచి ఆ వంశం వరస అందులోనే దొరికింది. అదీ విచిత్రం. ఒక స్త్రీ చెరువు తవ్వించి రాయించిన రాయిని మనం తండ్రులూ కొడుకుల జాబితా కోసం చదివాం. జాబితా పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళింది. మైలాంబ చెరువు గట్టు మీదే ఉండిపోయింది. శాసనాన్ని చదివి కూడా స్త్రీని చూడకపోవచ్చు. మీట నొక్కే ఆటగాళ్ళనే తప్పుపట్టి ఊరుకోవడానికి లేదు.

రెండు చోట్లా మిగిలిన దాన్ని పక్కపక్కన పెడితే ఒక సంగతి కనిపిస్తుంది. పైలోస్‌లో పనిచేసిన స్త్రీలు ఉన్నారు, పేర్లు లేవు. బయ్యారంలో పేరుంది, చెరువు కోసం మట్టి మోసిన స్త్రీలు లేరు. అక్కడ లెక్కలు రాసినవాడికి శ్రమ కావాలి, ఇక్కడ శాసనం రాయించిన వాళ్ళకి పుణ్యం కావాలి. ఎవరికి ఏది కావాలో అదే రాతకెక్కింది. రాత ఉన్నచోటే చరిత్ర అనుకుంటే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఘనపూర్‌కి పక్కనున్న ములుగు జిల్లా అడవిలో, మేడారంలో, సమ్మక్క సారలమ్మలకు గుడి లేదు, శిల్పం లేదు, శాసనం లేదు. గద్దెలు, వెదురు, కుంకుమ. ప్రతాపరుద్రుడి సైన్యాన్ని ఎదిరించారని, కప్పం దగ్గర గొడవ మొదలైందని కోయల కథ చెబుతుంది. రెండేళ్ళకోసారి లక్షలాది జనం ఆ కథని నడిచి వచ్చి చదువుతారు. కాకతీయుల చెరువులూ గుళ్ళూ చూసి మురిసేటప్పుడు, ఆ రాజ్యానికి కప్పం కట్టలేమన్న స్త్రీలూ ఈ నేల మీదే ఉన్నారని మరవకూడదు. రాతి శిథిలం లేని చరిత్రని ఏ గేమ్ కంపెనీ ఎలా కడుతుంది? పడిపోయిన గోడనైనా కొలిచి నిలబెట్టవచ్చు. గద్దెని కొలవలేం.

రుద్రమదేవి సంగతికి వస్తే ఆటకీ మనకీ పోలిక ఇంకా దగ్గరవుతుంది. 1262 నుంచి 1289 దాకా పాలించిన ఆమెను శాసనాలు చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అనే అంటాయి. రాయగజకేసరి ఆమె బిరుదు. ఓరుగల్లు కోటలో దొరికిన శిల్పాల్లో కత్తీ డాలూ పట్టి సింహాన్నెక్కిన స్త్రీ రూపాన్ని చరిత్రకారులు ఆమెకే ముడిపెట్టారు. రాజుకి పర్యాయపదం మగవాడే అయిన కాలంలో, సింహాసనం నిలబెట్టుకోవడానికి ఆమెకు మగపేరు కావలసివచ్చింది. 2018 నాటి ఆటలో కసాండ్రాకీ అలెక్సియోస్‌కీ ఒకే మాటలు రాయడం చూస్తే ఆ శాసనాల భాష గుర్తుకొస్తుంది. స్త్రీకి అధికారం ఇచ్చారు. కానీ ముందు మగవాడి కొలతలకు కుట్టిన చొక్కానే ఆమెకూ తొడిగారు. తేడా ఏమిటంటే రుద్రమ తన కాలంతో పోరాడుతూ ఆ పేరు మోసింది. కసాండ్రాకి ఆ బరువు కూడా లేదు. ఆ గ్రీసులో స్త్రీకి ఓటు లేదు, కోర్టులో నోరు లేదు. ఈమె మాత్రం ఏమీ తగలనట్టు తిరుగుతుంది. అణచివేత లేని గ్రీసుని ఊహించుకోవడం తప్పు కాదు. కానీ దానికి చరిత్ర అని పేరు పెట్టి అమ్మితే అడగక తప్పదు.

ఆ తేలికదనం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 2019 జనవరిలో ఆటకి అనుబంధంగా వచ్చిన కథలో కసాండ్రా ఒక మగవాడితో కాపురం పెట్టి బిడ్డను కంటుంది. అంతవరకూ ఎవరిని ప్రేమించాలో, అసలు ప్రేమించాలో వద్దో ఆడేవాళ్ళదే నిర్ణయం అని చెప్పారు. స్త్రీలను మాత్రమే ప్రేమించే కసాండ్రాని మలచుకున్న వాళ్ళు చాలామంది. వాళ్ళెవరినీ అడగకుండా వంశం నిలబెట్టాలనే పేరుతో ఆమెకు సంసారం కట్టబెట్టారు. గొడవ అయింది, కంపెనీ క్షమాపణ చెప్పింది, సంభాషణలు మార్చింది. ప్రేమతోనా, వంశం కోసమా అన్నది ఎంచుకోనిచ్చారు. బిడ్డ మాత్రం తప్పలేదు. లక్షల రాళ్ళను ఒక్కొక్కటిగా పేర్చి కట్టిన లోకంలో స్త్రీ కథ దగ్గరికి వచ్చేసరికి పాత మూసే చేతికి అందింది.

మన తెర మీదా అంతే జరిగింది. 2015లో వచ్చిన గుణశేఖర్ 'రుద్రమదేవి'లో తోట తరణి సెట్లూ గ్రాఫిక్సూ కలిసి ఓరుగల్లుని మళ్ళీ లేపాయి. రాతి తోరణాలు మెరిశాయి. ఆడపిల్లని మగపిల్లాడిగా పెంచిన రహస్యం చుట్టూ కథ తిరిగింది. ఇరవై ఏడేళ్ళు ఒక స్త్రీ రాజ్యం ఎలా నడిపింది, ఎవరికి భూమి ఇచ్చింది, ఎవరి దగ్గర పన్ను తీసుకుంది అన్న కుతూహలం కంటే, ఆమె స్త్రీ అని ఎప్పుడు బయటపడుతుందన్న కుతూహలమే పెద్దదైంది. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఒక ప్రసూతిశాల ఉంది. గణపతిదేవుడూ రుద్రమా ఇచ్చిన దానాలతో నడిచిన మఠానికి చెందినది. ఆ ఒక్కమాట చాలు ఒక సినిమా తీయడానికి. ఎవరు ప్రసవించారు అక్కడ? మంత్రసానులు ఎవరు? ఏ కులం వాళ్ళకి తలుపు తెరిచి ఉంది?

ఆటని ఆటగా చూడాలి, ఇంత బరువు మోపకూడదు అని కొందరంటారు. పైగా ఉబిసాఫ్ట్ 2019 సెప్టెంబరులో 'డిస్కవరీ టూర్' అని ఇంకో రూపం ఇచ్చింది. అందులో యుద్ధాలు లేవు, తిరుగుతూ చరిత్ర వినవచ్చు. ఉపాధ్యాయులకు పనికొచ్చే మంచి ప్రయత్నమే. కానీ ఆ విభజనే నన్ను కలవరపెడుతుంది. చేయడం ఒకవైపు, తెలుసుకోవడం ఇంకోవైపు. కత్తి పట్టినప్పుడు చదవక్కర్లేదు, చదివేటప్పుడు ఏమీ చేయలేం. స్త్రీవాద ఉద్యమం మనకు నేర్పింది దీనికి సరిగ్గా ఎదురు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చుని వినడం కూడా ఒక చర్య అయింది. వినడం వల్లే చరిత్ర మారింది.

ఈ మాటలు ఇప్పుడే ఎందుకంటే, మన వంతు దగ్గరలోనే ఉంది. 2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దానికి కాస్త దూరంలోనే ఉన్న కోటగుళ్ళకు రాలేదు. రేపో మాపో ఎవరో వచ్చి ఈ రాళ్ళను కొలిచి, కంప్యూటర్లో కూలిన కప్పులు లేపి, 22 గుళ్ళలోనూ దీపాలు వెలిగించి చూపిస్తారు. చూడటానికి నాకూ ఇష్టమే. ఆ మండపంలో మనుషుల్ని నింపేటప్పుడు ఎవరిని నింపుతారు? మదనికల్ని చూసి నాట్యకత్తెల్ని పెడతారు, అది సులువు. రాయి మోసినవాళ్ళని, గణపసముద్రం కింద నాట్లు వేసిన వాళ్ళని, చెరువు తవ్వించిన మైలాంబని, ఏ శాసనంలోకీ రాని కోయ ఆడవాళ్ళని పెడతారా? బొమ్మ నిండుగా వచ్చేస్తే ఖాళీ ఎక్కడుందో కూడా తెలియదు. శిథిలానికి ఉన్న నిజాయితీ అదే. పోయిందేదో పోయిందని అది ఒప్పుకుంటుంది. తల లేని సింహం తల లేదనే చెబుతుంది.

అందుకని అడగవలసింది కోటగుళ్ళను తెర మీద కట్టొద్దని కాదు. కట్టేవాళ్ళ బల్ల దగ్గర శాసనాలు చదివే స్త్రీలు కూర్చోవాలి, చెరువు కింద వ్యవసాయం చేసే స్త్రీలనూ పిలిచి అడగాలి. తెలియని చోట తెలియదని చూపించాలి. ఘనపూర్ ఆడపిల్ల ఎవరైనా ఆ బొమ్మల గుడిలోకి వెళ్ళి ఒక రాయిని తాకితే, ఆమె బలం పెరగకపోయినా ఫరవాలేదు. ఆ రాయి మీద రాసింది ఆమె భాషలో వినిపించాలి. ఆ తర్వాత కత్తి పట్టాలా, ప్రశ్న వేయాలా అన్నది ఆమె ఇష్టం.